రైతు బిడ్డ ఆచార్య రంగా
(ఓటు వేయబోయే తెలుగువారు తెలుసుకొనదగిన ఒక జీవితం)



ఉగాది నాడు పంచాంగం చదివించుకొని రాబోయే యేడాది ఆదాయమెంత, వ్యయమెంత అని లెక్క చూచుకోవడం మన ఆచారం. ఈ సంచికలో పంచాంగ ఫలితాలతో పాటు గడచిపోయిన ఒక పెద్ద మనిషి జీవితంలోని ఆదాయవ్యయాలను కూడ ఒకసారి తిరగవేద్దామని సంకల్పించాము. ఆయన రాజు కాడు, కవి కాడు. పొలం గట్టు మీద పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, అరవై యేండ్ల కాలంలో ఎక్కువ భాగం చట్టసభలలో గడపిన ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. లోకమంతా ఎన్.జి. రంగా అని పిలిచింది.

కొట్‌పాడ్‌లో ఉండే మనకు ఈ గుంటూరు రైతు బిడ్డతో ఏమి పని అని ఎవరైన అడుగవచ్చు. పని ఉన్నది. మన కోరాపుట్ సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా ఏజన్సీ. ఆ నాడు ఒడిశా రాష్ట్రం ఏర్పడి సరిహద్దు గీత గీచినప్పుడు మన తాతలలో కొందరు ఇల్లు కదలకుండానే పరరాష్ట్రవాసులైనారు. మిగిలినవారు వర్తకానికో, ఉద్యోగానికో, సేద్యానికో సాలూరు ఘాటు ఎక్కి, లేదా పార్వతీపురం మీదుగా రాయగడ చేరి, ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఓటు ఒడిశాలో, వార్త తెలుగులో, చుట్టరికం శ్రీకాకుళం విశాఖలలో. ఇది మన స్థితి. ఎన్నికలు దగ్గర పడేసరికి డబ్బు ఒక చేత, పత్రిక ఒక చేత, పార్టీ జెండా ఒక చేత పట్టుకొని మన గడపకు వచ్చేవారు పెక్కుమంది. ఈ మూడింటిని గూర్చి రంగాగారు జీవితమంతా ఆలోచించారు, కొన్నింటిలో గెలిచారు, కొన్నింటిలో తప్పటడుగు వేశారు. ఆయన గెలుపు ఎంత ఉపయోగమో, ఆయన తప్పటడుగు కూడ మనకు అంతే ఉపయోగము.

పుట్టుక, చదువు

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన నిడుబ్రోలు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. కృష్ణా కాలువల నీటితో మాగాణి పండే ఊరు అది. గుంటూరులో కళాశాల చదువు చదివి, 1920లో ఇంగ్లండు వెళ్ళి, 1926లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నుండి అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టం పొందారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులైనారు. ఆచార్య అనే మాట ఆయన పేరుకు ముందు అప్పుడే అతుక్కున్నది, చివరి వరకు ఊడలేదు.

ఆ కాలంలో సీమ చదువు చదివిన వారు చాలమంది సీమ పుస్తకాల లోని సూత్రాలనే వల్లించేవారు. రంగాగారు అలా చేయలేదు. డెల్టా పల్లెలలో తిరిగి, రైతు ఇంటి ఖర్చు ఎంత, కూలి ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత అని వ్రాసుకొని, భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థను గూర్చి గ్రంథం ప్రకటించారు. తరువాత చేనేత మీద ఆయన దృష్టి మళ్ళింది. చేనేత ఆర్థిక స్థితిని గూర్చి ఆయన వ్రాసిన ఇంగ్లీషు గ్రంథం 1930లో వెలువడింది. నేతగాని బ్రతుకు కష్టం ఎక్కడున్నదో చూడాలంటే మగ్గం ఒక్కటే చూచి లాభం లేదు, నూలు ఎవరి వద్ద అప్పు తెస్తున్నాడు, బట్ట ఎవరికి అమ్ముతున్నాడు అనేవి చూడవలసి ఉంటుంది.

ఈ మాట మన ఊరివారికి విప్పి చెప్పనక్కరలేదు. కొట్‌పాడ్ పేరు దేశమంతట వినబడుతున్నదంటే అది మిర్గాన్ నేతగాండ్రు తొగరు వేరు రంగులో ముంచి నేసే ఎర్రని, నల్లని బట్టల వలననే. 2005లో ఆ బట్టలకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. వేరు తవ్వి తెచ్చి, దంచి, నూలును ఆముదంతో, పేడతో, బూడిదతో పలుమార్లు సిద్ధపరచి, రోజుల తరబడి శ్రమించి నేసే ఆ చీర ధరలో నేతగానికి దక్కేదెంత, నడుమవారికి దక్కేదెంత? రంగాగారు 1930 నాటి నేతగాండ్రను గూర్చి వేసిన లెక్క ఈనాడు కూడ మన వీధిలో వేసి చూడదగినదే.

జమీందారులతో పోరు

1930లో గాంధీ మహాత్ముని ఉద్యమం దేశాన్ని ఊపివేసినప్పుడు రంగాగారు రాజకీయాలలో దిగారు. ఆ యేడే కేంద్ర శాసనసభకు ఎన్నికైనారు. ఆయన భార్య శ్రీమతి భారతీదేవిగారు కూడ ఆ ఉద్యమంలో పాల్గొన్నారు. ఆంధ్ర దేశంలో రైతు సంఘాలు కట్టడం, నిడుబ్రోలులో రైతు యువకులకు రాజకీయ పాఠాలు చెప్పే విద్యాలయం నెలకొల్పడం, శిస్తు భారాన్ని వ్యతిరేకించడం ఆ దశాబ్దంలో ఆయన చేసిన పనులు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతిగారు అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ యేడాది చివర ఫైజ్‌పూరులో జరిగిన సభకు రంగాగారే అధ్యక్షత వహించారు.

1937, 38 సంవత్సరాలలో ఇచ్ఛాపురం నుండి మద్రాసు వరకు రైతులు కాలినడకన యాత్ర సాగించారు. జమీందారీ గ్రామాల మీదుగా నడుస్తూ, రైతుల అర్జీలు పోగు చేస్తూ, సభలు జరుపుతూ వెళ్ళిన ఆ యాత్ర ఆంధ్ర రైతు ఉద్యమ చరిత్రలో మరపురానిది. మన జయపురం సంస్థానం కూడ అటువంటి పెద్ద జమీందారీయే. మన కొట్‌పాడ్ పరగణా ఆ జమీందారీలోనిదే. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భూరి విరాళమిచ్చిన విద్యాభిమాని, పండితుడు. ఆయన ఔదార్యాన్ని తెలుగువారు మరువలేదు, మరువరాదు. కాని దాత మంచివాడైనంత మాత్రాన జమీందారీ పద్ధతి మంచిదైపోదు. రంగాగారి వాదం అదే. దున్నేవానికి భూమి మీద హక్కు ఉండాలి, ఆ హక్కు ఒకరి దయ మీద ఆధారపడి ఉండరాదు.

ఈ ఒక్క భావాన్ని పట్టుకొన్నవారికే రంగాగారి తరువాతి జీవితం అర్థమవుతుంది. పట్టుకోనివారికి ఆయన నిలకడలేని మనిషిగా కనిపిస్తారు.

అసలైన అల్పసంఖ్యాకులు

1946 డిసెంబరులో రాజ్యాంగ సభ ఢిల్లీలో సమావేశమైంది. అల్పసంఖ్యాక వర్గాల రక్షణను గూర్చి చర్చ వచ్చినప్పుడు రంగాగారు చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచింది. దేశంలో నిజంగా రక్షణ కావలసిన అల్పసంఖ్యాకులు మతాన్ని బట్టి ఏర్పడినవారు కారనీ, కాగితం మీది హక్కును వాడుకొనలేని బీదజనమే అసలైన అల్పసంఖ్యాకులనీ ఆయన వాదించారు. కొండజాతులవారిని ప్రత్యేకించి పేర్కొన్నారు. వారి వద్దకు వర్తకుడు వెళ్ళి, చట్టం అడ్డుగా ఉన్నా పత్రాలు వ్రాయించుకొని, భూమిని చేజిక్కించుకొని, వారిని కట్టుబానిసలుగా చేస్తున్నాడని చెప్పారు.

పాఠకులు మన్నించాలి. ఆ వర్తకుడు ఎవరు? మన సీమ వరకు చెప్పాలంటే, అందులో మనవారు కూడ ఉన్నారు. ఉప్పు, పొగాకు, బట్ట, కిరసనాయిలు మోసుకొని కొండ ఎక్కిన తెలుగు షావుకార్లలో నీతిగా బ్రతికినవారు పెక్కుమంది ఉన్నారు. కొలతలో, వడ్డీలో, కాగితంలో మోసం చేసినవారు కూడ ఉన్నారు. ఏజన్సీ భూములు గిరిజనుల చేతి నుండి ఇతరుల చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఒడిశా ప్రభుత్వం 1956లో మరొక నిబంధన చేసింది. ఒకే పనికి రెండుసార్లు చట్టం చేయవలసి వచ్చిందంటే మొదటి చట్టాన్ని జనం ఎంత గౌరవించారో తెలుస్తూనే ఉన్నది. రంగాగారు ఢిల్లీలో ఆడిన మాట మన పెరటిలోని మాట. పండుగ సంచికలో ఈ సంగతి వ్రాయడం కొందరికి రుచించకపోవచ్చును. చేదు లేకుండా ఉగాది పచ్చడి చేయడం మన ఇండ్లలో లేదు.

పార్టీలో ఒకడు, పార్టీ బయట ఒకడు

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో రంగాగారు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులు. 1951లో ఆ పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడిపోయారు. ఆ తరువాత ప్రకాశంపంతులుగారితో కలిసి కాంగ్రెసు విడిచి, కొద్ది కాలానికే ఆయనతో కూడ విడిపోయి, కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు. ఓడినందుకు వెళ్ళిపోయారని విమర్శకులన్నారు. రైతు మాటకు కాంగ్రెసులో విలువ తగ్గినందున వెళ్ళిపోయారని అనుయాయులన్నారు. రెండింటిలోను కొంత నిజమున్నది.

1955 ఫిబ్రవరిలో కొత్త ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టులు అధికారానికి వస్తారని దేశమంతా అనుకున్నది. అప్పుడు కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు ఒక్క కూటమిగా కలిశాయి. ఆ ఎన్నికలను చూచిన పెద్దలు ఇప్పుడు అరుదు. కాని డబ్బు, పత్రిక, పార్టీ అనే మూడు గుర్రాలు ఒకే బండికి కట్టబడితే ఏమి జరుగుతుందో తెలుగుదేశంలో మొదట కనబడినది అప్పుడే. బొంబాయి నుండి ఎస్.కె. పాటిల్‌గారు వచ్చి కాంగ్రెసు ప్రచారాన్ని నడిపించారు. పెద్ద తెలుగు దినపత్రికలు దాదాపు ఒక్క కంఠంతో కమ్యూనిస్టులపై విరుచుకుపడ్డాయి. కమ్యూనిస్టుల దినపత్రిక విశాలాంధ్ర ఒంటరిగా బదులు చెప్పింది. అదే సమయానికి సోవియట్ పత్రిక ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వ విధానాన్ని మెచ్చుకొంటూ వ్రాసిన సంపాదకీయం కాంగ్రెసువారి చేతికి ఆయుధమైంది. ఊరూరా దానిని చదివి వినిపించారు.

ఫలితం విచిత్రమైనది. 196 స్థానాలలో కూటమికి 146 వచ్చాయి. అందులో కృషికార్ లోక్ పార్టీవి 22. నూటికి ముప్పది ఓట్లకు పైగా తెచ్చుకొన్న కమ్యూనిస్టులకు దక్కినవి 15 స్థానాలు. రంగాగారు గెలిచిన పక్షాన ఉన్నారు, తిరిగి కాంగ్రెసులో చేరారు. ఆనాటి పత్రికల హోరు ఆయనకు మేలు చేసింది. పత్రిక హోరు ఎవరి పక్షాన ఉంటే వారికి అది ప్రజావాణిగా వినిపిస్తుంది, ఎదుటి పక్షాన ఉంటే దుష్ప్రచారంగా వినిపిస్తుంది. మరి నాలుగేండ్లకు ఆ రెండవ అనుభవం రంగాగారికి రానే వచ్చింది.

స్వతంత్ర పార్టీ

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ సమష్టి సహకార సేద్యాన్ని ఆశయంగా తీర్మానించింది. రైతులు తమ పొలాలను కలిపి ఉమ్మడిగా సేద్యం చేయవలెనని దాని సారాంశం. జమీందారు చేతి నుండి విడిపించిన భూమిని ప్రభుత్వ సంఘం చేతిలో పెట్టడానికా ఇంతకాలం పోరాడినది అని రంగాగారు కలత చెందారు. యజమాని పేరు మారినంత మాత్రాన రైతు స్వతంత్రుడు కాడు. కాంగ్రెసు పార్లమెంటరీ పక్షంలో కార్యదర్శి పదవిలో ఉన్న మనిషి దానిని వదలుకొని బయటకు వచ్చారు.

1959 జూన్ 4న మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. రాజాజీ ఆ పార్టీకి పెద్ద దిక్కు, మినూ మసానీ కార్యకర్త, రంగాగారు అధ్యక్షుడు. పర్మిట్ల, లైసెన్సుల రాజ్యాన్ని తగ్గించాలి, రైతు భూమి రైతుదిగా ఉండాలి, పన్నులు మితంగా ఉండాలి, ప్రభుత్వం చేయలేని పనులకు చేయి చాచి అప్పుల పాలు కారాదు అనేవి వారి ముఖ్య భావాలు. ఇంటి యజమాని ఆదాయం చూచుకొని ఖర్చు పెట్టినట్లే ప్రభుత్వం కూడ చేయాలన్నది వారి నమ్మకం. దీనిని కొందరు ఛాందసమన్నారు, కొందరు ధనవంతుల పక్షపాతమన్నారు.

ఆ పార్టీ నియమాలలో ఒకటి నేటి యువకులు తెలుసుకొనదగినది. మూల సూత్రాలలో చేరని విషయాలపై సభ్యులు తమ మనస్సాక్షిని బట్టి మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు. పార్టీ పెద్దల ఆజ్ఞ ప్రతి చిన్న విషయానికి వర్తించదు. మనిషి పార్టీలో చేరినప్పుడు తన బుద్ధిని తాకట్టు పెట్టనక్కరలేదని చెప్పిన పార్టీ అది. ఈ నియమం వలన పార్టీలో గందరగోళం కూడ కలిగింది. భాషా సమస్యపై ఉత్తరాదివారు ఒక తీరు, దక్షిణాదివారు ఒక తీరు మాట్లాడారు. అయినా నియమం మాత్రం విడువలేదు.

పత్రికల సంగతి. పెద్ద పత్రికలలో స్వతంత్ర పార్టీని రాజుల పార్టీ, మిల్లు యజమానుల పార్టీ అని ఎగతాళి చేసినవి ఎన్నో. దీనికి బదులుగా రాజాజీ తన వాదాన్ని స్వరాజ్య వారపత్రికలో వారం వారం వ్రాశారు. ఆ పత్రికను 1956లో ప్రారంభించిన ఖాసా సుబ్బారావుగారు నెల్లూరు సీమకు చెందిన తెలుగువారు, మద్రాసులో స్థిరపడిన పత్రికా రచయిత. తన వలె స్వరాష్ట్రం విడిచి పొరుగున బ్రతుకుతున్న మనకు ఆయన దగ్గరివారే. ఆ చిన్న పత్రిక పెద్ద పత్రికల ప్రచార సంఖ్యలో ఎన్నో వంతో కాని, దాని వాదానికి జవాబు చెప్పవలసిన అవసరం ప్రభుత్వానికి కలిగింది.

డబ్బు అనే చిక్కు

ఇక డబ్బు. ఇక్కడే రంగాగారి కథలో ముల్లు ఉన్నది.

కంపెనీలు రాజకీయ పార్టీలకు విరాళాలివ్వడం ఆ రోజులలో చట్టబద్ధమే. 1960లో కంపెనీల చట్టాన్ని సవరించి దానికి పరిమితి పెట్టారు. 1961లో జె.ఆర్.డి. టాటాగారు కాంగ్రెసుకు ఇస్తున్న విధంగానే స్వతంత్ర పార్టీకి కూడ విరాళమివ్వాలని నిశ్చయించి, ఆ సంగతిని నెహ్రూగారికి ముందుగానే ఉత్తరం ద్వారా తెలియజేశారు. దాచకుండా చెప్పి ఇవ్వడం పెద్దమనిషి తరహా. అయినా ఒక చిక్కు మిగిలింది. రాజాజీ ఎన్నికలలో డబ్బు పెత్తనాన్ని ఎంతో తీవ్రంగా నిరసించేవారు. అదే పార్టీ కార్యాలయం నడవాలంటే ధనికుల చందాలు కావాలి. పర్మిట్ల కోసం ప్రభుత్వాన్ని ఆశ్రయించవలసిన వ్యాపారి, ప్రభుత్వాన్ని విమర్శించే పార్టీకి ఎంత ధైర్యంగా ఇస్తాడు? ఇచ్చినా పాలక పక్షానికి రూపాయి, ప్రతిపక్షానికి అణా అన్నట్లే ఉండేది. ఆ విధంగా ప్రతిపక్షం రెండు వైపుల నష్టపోయింది. డబ్బు తక్కువ, అపవాదు ఎక్కువ.

1969లో ప్రభుత్వం కంపెనీ విరాళాలను పూర్తిగా నిషేధించింది. డబ్బు ఆగలేదు, చాటుకు వెళ్ళింది. 1985లో మళ్ళీ అనుమతించారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఇచ్చినవాడెవరో ఓటరుకు తెలియని ఆ పద్ధతిని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 2022లో పెంచిన పరిమితి ప్రకారం మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలకు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు చేయరాదు. ఆ లెక్కను ఎవరు ఎంతగా పాటిస్తున్నారో ఎన్నికల నాడు మన వీధిలో తిరిగే జీపులను లెక్కించిన పిల్లవానికి కూడ తెలుసు.

రాజులతో ఒకే వేదిక

1962 సాధారణ ఎన్నికలలో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలు వచ్చాయి. ఆంధ్ర శాసనసభలో 19 వచ్చాయి. కాని పార్టీ అధ్యక్షుడైన రంగాగారు తాము స్వయంగా ఓడిపోయారు. ఆ యేడే చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. 1964లో రాజ్యాంగ పదిహేడవ సవరణ వచ్చినప్పుడు, రైత్వారీ భూములను కూడ ఎస్టేటు అనే మాటలో చేర్చడాన్ని ఆయన గట్టిగా ప్రతిఘటించారు. సవరణ ఆగలేదు. ఆయన వాదం మాత్రం సభా కార్యక్రమాలలో నిలిచి ఉన్నది.

ఒడిశాలో పరిస్థితి వేరు. ఇక్కడ మాజీ సంస్థానాధీశుల ప్రాబల్యంతో గణతంత్ర పరిషత్ అనే పార్టీ ఉండేది. పాట్నా, అనగా బలాంగీర్, మహారాజా రాజేంద్ర నారాయణ సింగ్‌దేవ్‌గారు దాని నాయకులు. 1962లో ఆ పరిషత్ స్వతంత్ర పార్టీలో కలిసిపోయింది. జమీందారులకు ఎదురు నిలిచి పేరు తెచ్చుకొన్న రైతు నాయకుడు మహారాజులు చేరిన పార్టీకి అధ్యక్షుడైనాడు. ఆయన శత్రువులు దీనిని జీవితాంతం ఎత్తిపొడిచారు. జమీందారీలు రద్దయిన తరువాత రాజు కూడ ఓటడిగే సామాన్యుడే కదా, ఇప్పుడు రైతుకు ముప్పు ప్రభుత్వం నుండి వస్తున్నది కాని కోట నుండి రావడం లేదు కదా అన్నది ఆయన పక్షం వారి సమాధానం. సమాధానంలో యుక్తి ఉన్నది. అయినా యాత్రలో నడచిన ముసలి రైతుకు ఆ వేదికను చూచినప్పుడు మనస్సు చివుక్కుమనకుండా ఉండదు.

1967 ఎన్నికలలో ఆ పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. ప్రతిపక్షాలలో అదే పెద్దది. ఒడిశా శాసనసభలో 49 స్థానాలు గెలిచి, జన కాంగ్రెసుతో కలిసి ప్రభుత్వం ఏర్పరచింది. సింగ్‌దేవ్‌గారు 1967 మార్చి నుండి 1971 జనవరి వరకు ముఖ్యమంత్రి. రంగాగారు ఆ యేడు మన పొరుగున ఉన్న శ్రీకాకుళం నుండి లోక్‌సభకు గెలిచారు. అంటే మన కొండలకు అటు వైపున ఎంపీ, ఇటు వైపున ప్రభుత్వం ఒకే పార్టీవి.

ఆ యేడే అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా ఏజన్సీలో లేవిడి గ్రామం వద్ద గిరిజనులు ఇద్దరు కాల్పులలో మరణించారు. అప్పు, భూమి, కూలి, షావుకారు అనే పాత గాయాలే ఆ పోరాటానికి మూలం. తరువాత కొన్ని యేండ్లు ఆ కొండలలో రక్తం ప్రవహించింది. ఇరువది యొక్క యేండ్ల క్రిందట రాజ్యాంగ సభలో రంగాగారు హెచ్చరించినది అక్షరాల ఇదే. ఆయన మాట విన్నవారు లేరు. ఆయన కూడ, పార్టీలు, మైదానపు రైతు సమస్యలు, ఢిల్లీ రాజకీయాలు అనే వాటిలో పడి, ఆ మాటను కొండ మీదికి తిరిగి మోసుకొని పోయినట్లు కనబడదు. ఒక మంచి మాట ఒకసారి చెప్పితే చాలదు, దాని వెంట నడవాలి.

చివరి దశ

1971 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 8 స్థానాలకు కుంగిపోయింది. రంగాగారికి స్థానం దక్కలేదు. 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసి పేరు కూడ మాసిపోయింది. అంతకు ముందే రంగాగారు మళ్ళీ కాంగ్రెసులో చేరారు. 1977లో రాజ్యసభకు, 1980, 1984, 1989లలో గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. లైసెన్సుల రాజ్యాన్ని తిట్టి బయటకు వచ్చిన మనిషి అదే ఇంటికి తిరిగి వెళ్ళడం ఆయన అభిమానులను నొప్పించింది. విచిత్రమేమంటే, 1991లో ఆయనకు పద్మవిభూషణ్ బిరుదమిచ్చిన యేడే కాంగ్రెసు ప్రభుత్వమే లైసెన్సుల కట్టుబాట్లను సడలించడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఎగతాళి చేసిన మాటను పాలకులు పేరు చెప్పకుండా తీసుకొన్నారు. సమష్టి సేద్యం ఆలోచనను ఎవరూ తిరిగి ఎత్తలేదు. రైతు పొలం రైతుదిగానే మిగిలింది. మన ఎకరం మడిచెక్కకు పట్టా మన పేరున ఉన్నదంటే, ఆనాడు వీధికెక్కిన వాదనలకు కూడ అందులో పాలు ఉన్నది.

1995 జూన్ 9న ఆచార్య రంగాగారు పరమపదించారు. 1964లో నెలకొల్పబడిన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తరువాత ఆయన పేరు పెట్టారు. ఇప్పుడది గుంటూరు వద్ద లాం గ్రామంలో ఉన్నది.

మనము తీసుకొనవలసినది

ఒక జీవితాన్ని త్రాసులో వేసేటప్పుడు రెండు తట్టలూ చూడాలి. రంగాగారు పార్టీలు చాలసార్లు మార్చారు. ఆయన పక్షం వారు చందాలు తీసుకొన్నారు. అనుకూలమైనప్పుడు పత్రికల హోరును వాడుకొన్నారు. కాని భూమి దున్నేవానిదని 1930లో పట్టిన మాటను పార్టీ మారినా విడువలేదు. ఆయన గుడారాలు మార్చారు, దారి మార్చలేదు.

ఎన్నికలు వచ్చినప్పుడు మన కొట్‌పాడ్ శాసనసభ స్థానం, నవరంగపూర్ లోక్‌సభ స్థానం రెండూ షెడ్యూల్డు తెగలకు కేటాయించినవి. మనము అక్కడ నిలబడేవారము కాము, ఓటు వేసేవారము మాత్రమే. దీనిని లోటుగా భావించే పెద్దలున్నారు. ఈ భూమి మొదటి యజమానులు తమ మాట తాము చెప్పుకొనే అవకాశమది. ఆ అవకాశం డబ్బుతో కొనబడకుండా చూడడం వర్తకులమైన మన చేతిలో కూడ కొంత ఉన్నది. అభ్యర్థికి చందా ఇస్తే రసీదు అడుగుదాం. దుకాణం గల్లాపెట్టె నుండి చీకటిలో నోట్లు వెళ్ళనీయకుందాం. అలా వెళ్ళిన నోటు మర్నాడు పర్మిటుగానో, ఒత్తిడిగానో తిరిగి వస్తుంది.

పత్రిక సంగతి. విశాఖ నుండి వచ్చే తెలుగు పత్రికలో ఇచటి కొండవాని మాట ఉండదు. భువనేశ్వరం నుండి వచ్చే ఒడియా పత్రికలో మన మాట తక్కువ. ఇప్పుడు చేతి ఫోనులో వచ్చే వార్తకైతే తలా తోకా తెలియదు. రెండు పత్రికలు చదివి, మూడవది సంతలో విని, అప్పుడు నమ్మవచ్చు. 1955లో ఒక్క గొంతుతో మాట్లాడిన పత్రికలు నూటికి ముప్పది మంది మనస్సును మార్చలేకపోయాయని మరువరాదు.

ఇక పార్టీ. మన సంఘం పందిరిలో ఒకే విస్తరి వరుసలో కూర్చొని భోజనం చేసే అన్నదమ్ములు ఎన్నికల నెలలో పలుకరించుకోకుండా పోవడం మనము చూస్తూనే ఉన్నాము. మన్యంలో మనము గుప్పెడు మందిమి. జెండాలు అయిదేండ్లకొకసారి వచ్చి పోతాయి. పొరుగువాడు రేపు తెల్లవారి కూడ పొరుగువాడే. రంగాగారు విడిపోయిన వారితో ఎన్నిసార్లు మళ్ళీ కలిశారో లెక్క పెడితే, ఇంత కోపం ఎందుకో మనకే తెలియదు.

కొత్త సంవత్సరంలో మన ఇండ్లు ధాన్యంతో నిండాలని, మన ఓటు మన స్వంతమై ఉండాలని కోరుకొందాం.